మా కడప ఇంట్లో డిసెంబర్: చిన్నపిల్లలతో క్రిస్మస్, నా అనుభవం

మేముండేది కడపలో. సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా సంఘం వాళ్లం. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి ఇంకా అయిదు నిండలేదు. పిల్లలున్న ఇంట్లో డిసెంబర్ ఎట్లుంటుందో చాలామందికి తెలిసిందే, కొత్తబట్టలు, కేకు, లైట్లు, రోజుకొక ప్రోగ్రాం, నిద్ర చాలక పిల్లల ఏడుపులు, 25వ తేదీ సాయంత్రానికి ఇంట్లో అందరూ అలిసిపోయి పడుకోవడం. ఇందులో యేసయ్య పుట్టిన సంగతి పిల్లల మనసులోకి యాడ పోయింది అని నాకు లోపల ఒకటే గుబులు. పాప యూకేజీలో ఉన్నప్పుడు క్రిస్మస్ బొమ్మ గీయమంటే గీసుకొచ్చింది, మంచు, ఇంటిమీద పొగగొట్టం, జింకల బండి, ఎర్ర టోపీ తాత. బాగానే గీసింది పాపం. కానీ డిసెంబర్లో కూడా మధ్యాహ్నం ఫ్యాను వేసుకునే ఊరు మాది, ఈ పిల్లకి మంచు ఎట్ల తెలుసు, ఫోన్లో వీడియోల్లో చూసిందే కదా. పండగ ఎక్కడో వేరే దేశంలో జరుగుతుంది, మనం ఈడ దాన్ని చూసి చేసుకుంటాం అన్నట్టు పిల్లల్లో పడిపోతోందని నాకు గట్టిగా అనిపించింది. లండన్ మిషన్ అనే ఇంగ్లండు మిషనరీ సంఘం వాళ్లు కడపకి వచ్చింది 1822లో. రెండొందల ఏళ్లు దాటింది. మా ఆయన వాళ్లింట్లో నాలుగు తరాలుగా ఈ నేలమీదనే క్రిస్మస్ చేసుకుంటున్నారు, అది మా పిల్లలకి సొంతం కాకపోతే ఎట్ల.

అప్పటినుంచి ప్రతి ఏడూ కొంచెం కొంచెంగా మార్చుకుంటూ వస్తున్నాం. ఒక్కసారిగా ఏమీ చేయలేదు. చెప్పేది తగ్గించి చేయించేది పెంచుదాం అని మాత్రం నేనూ మా ఆయనా ముందే అనుకున్నాం, ఎందుకంటే అయిదేళ్ల లోపు పిల్లలు నీతి చెప్తే వినరు, చేతికి ఏదన్నా పని ఇస్తే మటుకు పొద్దంతా అదే ధ్యాసలో ఉంటారు.

మొదట అత్తమ్మని కూర్చోబెట్టి అడిగాము, మీ చిన్నప్పుడు క్రిస్మస్ ఎట్ల చేసేవాళ్లు అని. ఆమె జమ్మలమడుగులో మిషన్ ఆసుపత్రికి దగ్గర్లో పెరిగింది. ఆమె చెప్పినవి వింటుంటే మాకే కొత్తగా అనిపించింది. నవంబర్ ఆఖర్లోనే ఇంటికి సున్నం కొట్టడం, ఏడాదికి ఒకటే కొత్త గౌను, రాత్రిపూట పెట్రోమాక్స్ లైటు పట్టుకుని కంజిర, తాళాలు వాయించుకుంటూ ఇల్లిల్లూ తిరిగే కేరల్స్, వాళ్లొచ్చేసరికి ఎంత రాత్రైనా మేలుకుని ఉండి బెల్లం టీ ఇచ్చేది, వెదురు దబ్బలతో చేసిన పెద్ద స్టారు వేపచెట్టుకి కట్టేది. పాప నోరు తెరుచుకుని విన్నది. "అవ్వా, ఆ స్టారు మనం చేద్దామా" అని అదే అడిగింది. అట్ల మొదలైంది.

స్టారు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎవరికైనా చేయాలనిపిస్తే పనికొస్తుంది. బజార్లో ప్లాస్టిక్ స్టార్లు, అట్ట స్టార్లు ఎన్నో దొరుకుతాయి, పది నిమిషాల్లో తగిలించేయొచ్చు, కానీ పిల్లలకి అందులో చేసేదేమీ ఉండదు. మేము మేదరవాళ్ల దగ్గరికి పోయి వెదురు చీల్పించుకొచ్చాం, మూడడుగుల దబ్బలు పది, జానెడు ముక్కలు అయిదు. దబ్బల అంచులు పేళ్లు లేస్తాయి, పిల్లల చేతుల్లో గుచ్చుకుంటాయి, కాబట్టి మా ఆయన ముందు కత్తితో గీకి, గరుకు కాగితంతో రుద్ది ఇచ్చాడు. అయిదు దబ్బలు నక్షత్రం ఆకారంలో ఒకదానిమీద ఒకటి పరిచి కొనలూ, దాటుకునే చోట్లూ పురికొసతో బిగించి కట్టాలి. ఇంకో అయిదుతో అట్లాంటిదే ఇంకొకటి. రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టి అయిదు కొనలు మాత్రం కలిపి కట్టేసి, లోపలి అయిదు మూలల్లో ఆ జానెడు ముక్కలు నిలువుగా దూర్చి కట్టాలి, అప్పుడు మధ్యలో ఉబ్బి స్టారు రూపం వస్తుంది. ఆ ముక్కలు దూర్చేటప్పుడు పాప "వచ్చింది వచ్చింది" అని గంతులేసింది, చదునుగా ఉన్నది ఒక్కసారి పొట్ట తెచ్చుకుంటుంది మరి. తర్వాత గాలిపటాల కాగితం, మైదా ఉడకబెట్టిన బంక. అంటించే పనంతా పిల్లలదే. ముడతలు పడింది, రెండు చోట్ల చినిగితే పైన ఇంకో రంగు ముక్క వేశారు, మా అత్తమ్మ దాన్ని సరిచేయనివ్వలేదు, "వాళ్లు చేసింది వాళ్లు చేసినట్టే ఉండనీ" అన్నది. వెనకవైపు చెయ్యి పట్టేంత సందు వదిలితే బల్బు పెట్టుకోవచ్చు. పాత బల్బు వేడికి కాగితం అంటుకునే ప్రమాదం ఉంది, చిన్న ఎల్ఈడీ బల్బే వాడండి, దయచేసి.

మేడమీద అది వెలిగిన రోజు వీధిలో పిల్లలంతా వచ్చి చూశారు. పక్కింటి సాయిబు గారి మనవడు నాకూ ఒకటి చేసియ్యమని మా బాబు వెంట పడ్డాడు, మిగిలిన దబ్బలతో చిన్నది చేసిచ్చాం, రంజాన్ దాకా వాళ్ల వరండాలో వేలాడుతూనే ఉండింది.

రెండోది ఆగమనకాలం. క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాలు. గుళ్లో, అంటే చర్చిలో, పాస్టరు అయ్యగారు చదువుతారు, మనం వింటాం, ఇంటికొచ్చి మర్చిపోతాం. మేము ఒక ఇత్తడి పళ్లెంలో ఇసుక పోసి నాలుగు కొవ్వొత్తులు, మధ్యలో తెల్లది ఒకటి పెట్టాం. మొదటి ఆదివారం ఒకటి వెలిగించి నిరీక్షణ (అంటే ఆశ) గురించి, రెండోవారం రెండు వెలిగించి సమాధానం (అంటే శాంతి), మూడోవారం సంతోషం, నాలుగోవారం ప్రేమ. మధ్యలో తెల్లది పండగరోజే. రాత్రి అన్నాలు తినేముందు లైట్లు ఆర్పేసి వెలిగిస్తాం, రెండు మూడు వచనాలు చదువుతాం, ఒక పాట, ఒక చిన్న ప్రార్థన, అంతే, అయిదు నిమిషాలు దాటనివ్వం. దాటితే బాబు కింద పడి దొర్లుతాడు, అది వాడి వయసు. బైబిల్లో వచనం చదివాక మళ్లీ మన మాటల్లో చెప్తాం, అప్పుడే వాళ్ల బుర్రకెక్కుతుంది. ఒక వారం పాప అడిగింది, నాలుగూ ఒకేసారి వెలిగిస్తే ఏమవుతుంది, అని. మా ఆయన ఏమీ చెప్పలేదు, "మరియమ్మ ఎన్ని నెలలు మోసింది, నిన్ను అమ్మ ఎన్ని నెలలు మోసింది" అని అడిగాడు. అది కాసేపు ఆలోచించి "అయితే సరే, ఆగుదాం" అన్నది. ఏదడిగినా ఆర్డర్ పెడితే రేపటికి వచ్చేసే కాలంలో పిల్లలకి ఆగడం నేర్పే సందర్భాలు ఎన్ని ఉన్నాయి చెప్పండి, నాకైతే ఈ నాలుగు వారాలు చానా విలువైనవి.

ప్రోగ్రాముల గురించి కూడా చెప్పాలి. సెమీ క్రిస్మస్, సండే స్కూల్ క్రిస్మస్, యూత్ క్రిస్మస్, స్త్రీల మైత్రి క్రిస్మస్, ఆఫీసు క్రిస్మస్, చుట్టాల సంఘంలో క్రిస్మస్. అన్నీ మంచివే, పిలిచేవాళ్లు ప్రేమతోనే పిలుస్తారు. కానీ రోజూ రాత్రి పదిన్నర దాకా సౌండు బాక్సుల ముందు కూర్చుంటే చిన్నపిల్లలకి జ్వరాలొస్తాయి తప్ప ఏమీ మిగలదు, ఇది నా గట్టి అభిప్రాయం. మేము మా గుడి సండే స్కూల్ ప్రోగ్రాం, ఒక కేరల్స్ రాత్రి, ఈ రెండూ పిల్లలతో పోతాం. మిగతావాటికి నేనో మా ఆయనో ఒకరు పోయి కనిపించి వస్తాం. మొదటి ఏడు కొంతమంది నొచ్చుకున్నారు, పిల్లల్ని తీసుకురాలేదేమని. ముందురోజే ఫోన్ చేసి "పిన్నీ, పిల్లలు రాలేరు, నేనొస్తా, పండగ తర్వాత వాళ్లని తీసుకుని మీ ఇంటికే వస్తాం" అని చెప్పడం మొదలుపెట్టాక ఎవరూ ఏమీ అనుకోవడంలేదు, పైగా ఇంటికి పోయినప్పుడు ప్రశాంతంగా మాట్లాడుకోవడం కుదురుతోంది.

అన్నిటికన్నా పిల్లల మీద పని చేసింది మాత్రం గొర్రెల మంద. పోయిన ఏడు డిసెంబర్ మధ్యలో వేంపల్లె అవతల మా చిన్నాయన వాళ్ల ఊరికి పోయినాం. వేరుశనగ పీకేసిన చేన్లో మంద పెట్టించి ఉన్నాడు చిన్నాయన, ఎరువు కోసం. మన సీమలో తెలిసిందే కదా, రాత్రంతా గొర్రెలు చేన్లో పడుకుంటే ఆ పెంటికలూ మూత్రమే భూమికి బలం, గొర్రెలవాళ్లకి రాత్రికింత అని డబ్బులో గింజలో ఇస్తారు. లూకా సువార్త రెండో అధ్యాయంలో ఉండేది అచ్చం ఇదే, పొలంలో రాత్రిపూట మందను కాచుకుంటున్న మనుషులు. పిల్లల్ని తీసుకుపోదాం అని నాకు అప్పటికప్పుడు తట్టింది.

అన్నాలు తిని స్వెటర్లు, మంకీ టోపీలు వేసి టార్చిలైటుతో పోయినాం. చలి బాగా ఉంది. చుట్టూ వల కట్టి ఉంది, లోపల గొర్రెలు ఒకదానికొకటి ఆనుకుని పడుకున్నాయి, ఆ వాసన, ఆ వెచ్చదనం దగ్గరికి పోతేనే తెలుస్తుంది. పుట్టి రెండు మూడు రోజులైన పిల్లల్ని పెద్ద గంపల కింద మూసిపెట్టి ఉన్నారు, లోపలినుంచి సన్నగా అరుస్తున్నాయి. పెద్దాయన ఒకాయన కంబళి కప్పుకుని కూర్చుని ఉన్నాడు, ఇంకో ఇద్దరు పడుకుని ఉన్నారు. వంతులేసుకుని మేలుకుంటారంట. కుక్కలు మమ్మల్ని చూసి ఎగబడితే ఆయనే అదిలించాడు. చిన్నాయన "పిల్లోళ్లకి మంద చూపిద్దామని వచ్చినాం మామా" అంటే నవ్వి, ఒక గంప ఎత్తి గొర్రెపిల్లని తీసి మా బాబు ఒళ్లో పెట్టాడు. వాడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, కాళ్లు కూడా కదిలించలేదు. నేను అక్కడే వాళ్లకి కథ చెప్పినాను, ఇట్లాంటి తాతలకే దేవదూత ముందు చెప్పింది, రాజులకి కాదు, డబ్బున్నోళ్లకి కాదు, చలిలో కూర్చున్న వీళ్లకి, అని. పెద్దాయనది వేరే దేవుళ్లను మొక్కే ఇల్లు, అయినా శ్రద్ధగా విన్నాడు.

అప్పుడు పాప ఆయన్నే అడిగింది, "తాతా, అట్ల ఎవరన్నా వచ్చి బాబు పుట్టినాడు పోయి చూడండి అంటే, మీరు గొర్రెల్ని ఎవరికి అప్పజెప్పి పోతారు?"

నేనెప్పుడూ ఆ సంగతి ఆలోచించనే లేదు, ఇన్నేళ్లుగా ఆ అధ్యాయం చదువుతున్నా.

ఆయన కాసేపు గొర్రెల వైపు చూసి అన్నాడు, "మందనిడిసి యాడికి పోతాం పాపా. పొయ్యేదే ఐతే మందను తోలుకోనే పోతాం. ఒకర్ని కావిలి పెట్టి పోతే, అంత మంచి మాట ఇని చూడలేకపోయినానే అని వాడు బతికినన్నాళ్లూ ఏడుస్తాడు కదా."

ఇంటికొచ్చేదాకా పాప ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున లేచి, మనం పాక కట్టేటప్పుడు అన్ని గొర్రెలూ రావాల, ఒక్కటి కూడా బయట ఉండకూడదు, అన్నది.

ఆ పాక కట్టడం, అంటే యేసయ్య పుట్టిన పశువుల పాకని బొమ్మలతో పెట్టడం, మా ఇంట్లో మూడో పని. బొమ్మలు కొనం. బంకమట్టి తెచ్చి పిల్లలే చేస్తారు. చిన్నాయన వాళ్ల కొట్టంలో పశువులు మేత తినే గాడి చూసొచ్చారు కాబట్టి, బాలయేసుని పడుకోబెట్టింది ఎట్లాంటిదాంట్లోనో వాళ్లకి తెలుసు, గాడి చుట్టూ నీళ్లూ గడ్డీ ఎట్లుంటాయో, ఎద్దు ముట్టె పెట్టి తింటే ఎట్లుంటుందో చూశారు. "అంత చిన్న బాబుకి గుచ్చుకోదా" అని బాబు రెండు మూడు సార్లు అడిగి, నా పాత చీర ముక్క ఒకటి మడిచి గాడిలో వేశాడు. మందంతా పాకలో పట్టక పాక బయటికి, టీవీ స్టాండు చివరి దాకా గొర్రెలు వచ్చాయి. ఇట్ల పాక పెట్టే అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో పాపకి చెప్పాను, 1223లో ఇటలీలో గ్రెచ్చో అనే ఊర్లో అస్సీసీ ఫ్రాన్సిస్ గారు నిజం ఎద్దునూ గాడిదనూ తెచ్చి గాడిలో గడ్డి వేసి, చదువు రాని జనానికి కళ్లకి కనపడేట్టు చేశాడు, అని. "అంటే మనం చిన్నతాత కొట్టంలో చేసినా బాగుంటుంది" అన్నది. ఆ ఆలోచన ఇంకా మా ఇంట్లో నలుగుతోంది.

బాలయేసు బొమ్మ 24 రాత్రి దాకా గాడిలో పెట్టం, ఖాళీగానే ఉంటుంది. బాలయేసుకి కానుకలు తెచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు ఇంట్లో దూరంగా, వంటింటి కిటికీలో మొదలవుతారు. రోజుకి కొంచెం జరుపుతూ, వాళ్లొచ్చిన రోజుగా తలుచుకునే జనవరి 6కి పాక దగ్గరికి చేరుస్తాం. జ్ఞానులు ఎంతమందో మత్తయి సువార్తలో రాయలేదు, కానుకలు మూడు కాబట్టి ముగ్గురని అందరం అనుకుంటాం. ఇది చెప్పినందుకు మా బాబు అయిదుగురిని చేశాడు. ఒంటె చేయడం కుదరక ఒకాయన్ని ఎద్దుమీద ఎక్కించాడు. ఉండనిచ్చాం. సాంబ్రాణి మాత్రం నిజంది కొంచెం నిప్పులమీద వేసి వాసన చూపించాం.

సాంటా గురించి ఇంట్లో చాలా చర్చ జరిగింది. అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు, పిల్లల సంతోషం తీసేయడమూ ఇష్టం లేదు. నికొలస్ గారి కథ చెప్పాం. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊర్లో ఆయన బిషప్పు, ముగ్గురు ఆడపిల్లలకి కట్నం ఇవ్వలేక తండ్రి కుమిలిపోతుంటే రాత్రిపూట ఎవరికీ తెలియకుండా కిటికీలోంచి బంగారం వేసి పోయాడని తరతరాలుగా చెప్పుకుంటారు. కట్నం అనే మాట మా పాపకి బాగా తెలుసు, చుట్టూ వినే మాటే కదా, కథ దానికి లోతుగా తగిలింది. ఆ ఎర్ర టోపీ తాత ఈయన గుర్తుగా వేసే వేషం అని చెప్పాం. ఇప్పుడు మా ఇంట్లో నలుగురం, అత్తమ్మతో అయిదుగురం, చీటీలు వేసుకుని ఎవరికి ఎవరు వస్తే వాళ్లకి నెలంతా తెలియకుండా ఏదో ఒక మేలు చేయాలి. డబ్బు ఖర్చు పెట్టకూడదు. అత్తమ్మ చెప్పులు రోజూ పొద్దున్నే తుడిచి గుమ్మం దగ్గర పెట్టి ఉండేవి, ఆమె చివరిదాకా పాపే అనుకుంది, చేసింది బాబు.

కొత్తబట్టలు మానేసి ఆ డబ్బు పేదలకివ్వండి అని కొందరు చెప్తారు. నాకు అది సరికాదనిపిస్తుంది. అత్తమ్మకి డెబ్బై ఏళ్లు, తన చిన్నప్పటి గౌను రంగు ఇప్పటికీ చెప్తుంది, ఆ సంతోషం పిల్లలకి కూడా ఉండాలి. మేము బట్టలు కొనడానికి కడపలో వైవీ స్ట్రీట్‌కి పోయినప్పుడు ఒక్కో పిల్లకి ఒక జత, దాంతోపాటు అదే ధరలో ఇంకో జత, తీసుకునేవాళ్ల వయసు, కొలత ముందే కనుక్కుని. ఆ రెండో జత రంగు మా పిల్లలే ఎంచాలి, తమకు నచ్చిందే ఎంచాలి, చవకది కాదు. ఇచ్చేటప్పుడు ఫోటోలు తీయం. పిల్లల్ని ముందు నిలబెట్టి ఇప్పించం కూడా, తీసుకునే పిల్లలకి అది ఎంత చిన్నతనంగా ఉంటుందో మనం ఆలోచించాలి. గుడిలో అయ్యగారి ద్వారా చేరిపోతుంది.

పిండివంటలు మాత్రం వాళ్లే మోసుకుపోయి ఇస్తారు. కర్జికాయలు, నిప్పట్లు, రవ్వలడ్లు, అత్తమ్మ చేసే గులాబీ పూలు, కేకు ముక్కలు. కర్జికాయల అంచులు మడిచేది పాప, పూర్ణం ఎక్కువ పెట్టి నూనెలో విచ్చిపోయేవి కొన్ని ఉంటాయి, అవి ఇంట్లోకి. వీధిలో ప్రతి ఇంటికీ పళ్లెం పోతుంది, సంక్రాంతికి అరిసెలూ, రంజాన్‌కి షీర్ ఖుర్మా అట్లనే తిరిగొస్తాయి. ఏ ఇంట్లో ఏం మాట్లాడాలో, పెద్దవాళ్లకి ఎట్ల నమస్కారం, సలాం చెప్పాలో పిల్లలు ఈ పళ్లేల వల్లనే నేర్చుకున్నారు.

పండగ తెల్లారి 26 నుంచి చాలా ఇళ్లల్లో అంతా తీసేస్తారు. మేము జనవరి 6 దాకా ఉంచుతాం. అసలు తీరిక దొరికేది అప్పుడే, హడావుడి ఉండదు, చుట్టాల ఇళ్లకి పోతాం, పాకలో గొర్రెల్ని అటూ ఇటూ మారుస్తూ పిల్లలు వాళ్లంతట వాళ్లే కథ చెప్పుకుంటుంటారు, నేను పక్కగదిలోంచి వింటుంటాను. బాబు కథలో దేవదూత కడప మాటే మాట్లాడతాడు, "భయపడాకండి సామీ" అంటాడు.

ఎన్నేళ్లకి మొదలుపెట్టాలి అని మా చెల్లెలు అడిగింది, దానికి రెండున్నరేళ్ల పాప ఉంది. కొవ్వొత్తులు, మట్టిబొమ్మలు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, స్టారు, చీటీలు నాలుగైదేళ్లొచ్చాక. అన్నీ ఒకే ఏడు పెట్టుకోవద్దు, ఒక ఏడు ఒకటి చాలు, అది ఇంటికి అలవాటైతే తర్వాత ఇంకొకటి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లని తప్పకుండా కలుపుకోండి, వాళ్లకి తెలిసినవి మనకి తెలియవు. ఇంకొక మాట, వెదురు కావాలంటే నవంబర్లోనే మేదరవాళ్లకి చెప్పి పెట్టుకోండి, పచ్చివెదురు అయితే దబ్బలు బాగా వంగుతాయి, ఎండిపోయింది తెస్తే కట్టేటప్పుడు విరుగుతుంది.